నడిచేటప్పుడు ఉండాల్సినవి

పుదుచ్చేరి పెద్ద మార్కెట్‌లో గాజుల అంగడి అంబుజం అనగానే ఎవరికైనా ముందు ఆమె గొంతే గుర్తొచ్చేది. చేపల వరసలో బేరమాడుకునేవాళ్లకు కూడా వినబడేది ఆ గొంతు. ఆమె అరిచేదేం కాదు, గొంతే అంత. తమిళంలో మొదలుపెట్టి, వచ్చినవాళ్లు తెల్లదొరసానులైతే నాలుగు ఫ్రెంచి ముక్కలు కలిపి, మణికట్టు చూసి సైజు చెప్పేసి, ఒక్క గాజు చిట్లకుండా తొడిగి పంపేది. ఇంటికి వస్తే మాత్రం తెలుగు. ఏ కాలంలోనో ఏ ముత్తాతో మూటతోపాటు తెచ్చుకున్న తెలుగు అది. సగం తమిళం కలిసిపోయినా ఆ ఇంట్లో దాన్ని తెలుగనే అనేవాళ్లు.

నిరుడు ఆమె గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. మాట పోయింది.

అంగడిలో పెద్దగా ఇబ్బంది రాలేదు. సాయానికి తమిళరసి అనే అమ్మాయి ఉంది. పైగా ఫోన్‌లో తమిళం టైపు చేస్తే చదివి వినిపించే యాప్ దొరికింది. వచ్చిన ఆడవాళ్లు మొదట్లో కాస్త వింతగా చూసినా తర్వాత అలవాటుపడ్డారు. చిక్కంతా ఇంట్లోనే.

ఇల్లు మార్కెట్ వెనక సందులో. అక్కడ అంబుజం, ఆమె తల్లి అలివేలుమంగ, ఇద్దరే ఉంటారు. అలివేలుమంగకు ఎనభై దాటాయి, రెండు కళ్లూ కనబడవు, మతి మాత్రం చురుకు. కూతురికి ఏమైందో ఆమెకు తెలుసు. తెలిసి చేయగలిగింది ఏముంది? రాసి చూపించడానికి కళ్లు లేవు, చెప్పడానికి ఈమెకు గొంతు లేదు. చివరికి ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. తల్లి ఏదైనా అడుగుతుంది. అవునంటే అంబుజం ఆమె అరచేతిలో ఒత్తుతుంది, కాదంటే వేలితో గీస్తుంది. రోజంతా అంతే.

"చారు బాగుండాదా అంటే ఒత్తుతాది. ఎందుకు బాగుండాదో, ఏం ఏసిందో చెప్పలేదు కదా నా బిడ్డ," అంటుంది అలివేలుమంగ, చూడ్డానికి వచ్చినవాళ్లతో.

తమిళం యాప్‌ను ఇంట్లోనూ వాడి చూసింది అంబుజం. ఒకనాటి పగలు తల్లి పక్కన కూర్చుని, తిన్నావా అని తమిళంలో టైపు చేసి నొక్కింది. ఆ కొత్త గొంతు వినగానే అలివేలుమంగ పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఎవురమ్మా అది? రాండి, కూసోండి. అంబుజం, వచ్చినామెకు కాఫీ ఇయ్యి."

అంబుజం ఫోన్ ఆపేసి పక్కన పెట్టేసింది.

అప్పుడు ఆ గుమ్మంలో ఉన్నది సుగంధి. అంబుజం తమ్ముడు త్యాగరాజన్ కూతురు. ఊళ్లోనే సారం అనే పేటలో ఒక చిన్న ఆఫీసులో, అంగళ్లకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అత్త ముఖం చూసింది. అవ్వ ఇంకా ఆ వచ్చినామె కోసం తలతిప్పి వెతుకుతూనే ఉంది. సుగంధి లోపలికొచ్చి అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, తెలుగులో మాట్లాడేది నేను చేసిస్తా. ఉండు," అంది.

అంబుజం తమిళ అక్షరాల్లోనే టైపు చేసి చూపించింది: నాకు తెలుగు రాయను రాదే.

అదీ అసలు చిక్కు. తెలుగు చదివి వినిపించే యాప్‌లు లేకపోలేదు. కానీ వాటికి తెలుగు అక్షరాలే కావాలి. ఆ ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడినవాళ్లే తప్ప తెలుగు రాసినవాళ్లు లేరు. బంధువుల పెళ్లి కబురైనా, చావు కబురైనా వాట్సాప్‌లో తమిళ అక్షరాల్లో తెలుగు రాసుకుంటారు. సుగంధికి కూడా అంతే వచ్చు.

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ప, బ కూడా అంతే. త, ద కూడా అంతే. మనిషి చదివితే ఇబ్బంది లేదు, తెలిసిన మాట కాబట్టి నాలుకే సరిచేసుకుంటుంది. యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఏ మాటలో బ పలకాలో, ఏ మాటలో ప పలకాలో ఎవరో ఒకరు దానికి చెప్పిపెట్టాలి.

ఆ పని సుగంధీ త్యాగరాజనూ కలిసి చేశారు. ఆదివారాల్లో ఆయన పడక్కుర్చీలో కూర్చుని ఇంట్లో వాడే మాటలన్నీ తలచుకుని పైకి చెప్పేవాడు. సుగంధి విని ఏ అక్షరానికి ఏ శబ్దమో కంప్యూటర్‌లో ఎక్కించేది.

"బావ. బ. పావ కాదు. దబ్బర, అదే గిన్నె. ఆడ ద, ఈడ బ. రాసుకుంటివా?"

"రాసుకున్నా నాయనా. మెల్లిగా చెప్పు."

"మెల్లిగా చెప్తే మాట పోతాదే. వేగంగా చెప్తేనే నాలికకి గుర్తొస్తాది."

అలా పోగైన మాటలను ఆమె విడిగా ఒక భాగంగా కట్టి దానికి ఇంటిమాట అని పేరు పెట్టింది. అక్షరాలు మార్చే భాగం తను రాసుకుంది. గొంతు మాత్రం ఎక్కడో ఎవరో తయారుచేసి అందరికీ వదిలేసింది తెచ్చుకుంది.

యాప్‌లన్నీ అలాగే పుడతాయి. మొత్తం ఎవరూ ఒక్కరే రాయరు. ఇతరులు రాసి లోకానికి వదిలేసిన ముక్కలుంటాయి, వాటిని లైబ్రరీలంటారు. కావలసినవి తెచ్చుకుని, వాటి మీద మనం కొంచెం రాసుకుంటాం. ఏవేవి కావాలో బిల్డ్ ఫైలు అనేదాంట్లో వరసగా చెబితే, గ్రేడిల్ అనే పనిముట్టు అవన్నీ తెచ్చి, కూర్చి, యాప్‌గా కట్టిస్తుంది. ఆ ఫైల్లో ప్రతి లైబ్రరీ పేరుకూ ముందు ఒక మాట ఉంటుంది. ఒకచోట ఇంప్లిమెంటేషన్, ఒకచోట టెస్ట్ ఇంప్లిమెంటేషన్, ఇంకొకచోట రన్‌టైమ్ ఓన్లీ. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ సుగంధి ఆ మాటలను పాత ప్రాజెక్టుల నుంచి ఎత్తి పెట్టుకుంటూ వచ్చింది, పెళ్లిపీటల మీద అయ్యవారు చెప్పమన్న మంత్రం చెప్పినట్టు. అర్థం ఎవరడుగుతారు? యాప్ కట్టుకుంటే చాలు, తప్పుందని చెప్పే ఎర్ర గీత రాకపోతే చాలు.

ఆఫీసు కంప్యూటర్‌లో పరీక్షలు నడిపి చూసింది. తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు ఒక్కొక్కటే ఇస్తే యంత్రం ఒక్కొక్కటే పలికింది. గాజులు. బావ. దబ్బర. బువ్వ. అన్నీ తప్పులేకుండా పలికాయి. సంతోషం పట్టలేక ఫోన్‌లోకి ఎక్కించింది. అమ్మా, నేనే అని ఒక్క మాట నొక్కి విని, చాలనుకుని బండెక్కి మార్కెట్ సందుకు వెళ్లింది. నాన్న కూడా వచ్చాడు.

అంబుజం ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఏం టైపు చేయాలో ముందే అనుకున్నట్టుంది, వేళ్లు తడబడలేదు. తల్లి పక్కన కూర్చుని నొక్కింది.

"అమ్మా, పువ్వ తిన్నావా?" అంది ఫోన్.

అలివేలుమంగ తల తిప్పింది. "పువ్వు తినేదేందే? ఎవురది? ఎవురో ఆంధ్రా నుంచి వచ్చినట్టుండారే!"

త్యాగరాజన్‌కు నవ్వాగలేదు. సుగంధికీ నవ్వొచ్చింది, అత్త ముఖం చూసి మింగేసింది. అంబుజం మళ్లీ టైపు చేసింది, ఇంకొకటి, ఇంకొకటి. బావ పావ అయ్యాడు. దబ్బర తప్పర అయింది. గాజులు కాజులయ్యాయి. నలభై ఏళ్లు గాజులు తొడిగిన మనిషి చేతిలోంచి కాజులు అని వినబడేసరికి ఆమె ఫోన్‌ను తమ్ముడి చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు పెద్దగా వినిపించింది. అరవడానికి ఆమెకు మిగిలినవి అవే.

మర్నాడు ఆఫీసులో సుగంధి మళ్లీ పరీక్షలు నడిపింది. బువ్వ అంది కంప్యూటర్. అదే కోడ్‌ను ఫోన్‌లో పెట్టింది. పువ్వ అంది ఫోన్. చెరిపి మళ్లీ కట్టింది. పువ్వ. ఫోన్ మార్చి చూసింది. పువ్వ.

అక్షరాలు మార్చే భాగంలో తప్పుందేమోనని పొద్దున్నంతా అదే తిరగేసింది. తప్పు కనబడలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రఘునాథన్ ఆమె బల్ల దగ్గర ఆగాడు. ఆఫీసులో అందరికన్నా పాతవాడు. కాలాపేట నుంచి బస్సులో వస్తాడు. ఇంట్లో తెలుగే, కానీ ఆఫీసులో పక్కన ఎవరూ లేనప్పుడే ఆ మాట బయటికి తీస్తాడు.

"ఏంది సుగంధీ, పొద్దున్నుంచి దాంతోనే కూసోనుండావు?"

ఆమె రెండూ వినిపించింది. కంప్యూటర్ బువ్వ, ఫోన్ పువ్వ. "కోడ్ ఒకటే రఘన్నా. అక్షరం కూడా మార్చలా. ఆడ ఒక మాదిరి, ఈడ ఒక మాదిరి."

ఆయన రెండోసారి విన్నాడు. "నీ కోడ్ ఒకటే. దాని ఎంట వచ్చినోళ్లు ఒకటేనా?"

"అంటే?"

"పరీక్ష నడిచేటప్పుడు ఎవురెవురు ఉండారో గ్రేడిల్‌ని అడుగు. తర్వాత ఫోన్‌లో నడిచేటప్పుడు ఎవురెవురు ఉండారో అడుగు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు."

అలా అడగవచ్చని ఆమెకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు. ఆదేశం రాసి నొక్కింది.

తెర మీద అక్షరాలు జారడం మొదలుపెట్టాయి. ఆగలేదు. తను బిల్డ్ ఫైల్లో రాసినవి గుప్పెడు పేర్లు. వచ్చేవి ఆ గుప్పెడు కావు. ఒక పేరు కింద గీత, ఆ గీత కింద ఇంకో పేరు, అది తెచ్చుకున్నవి దాని కిందా, అవి తెచ్చుకున్నవి ఇంకా కిందా, మెట్లు మెట్లుగా కుడివైపుకు దిగిపోతున్నాయి, కొమ్మలేసిన చెట్టులా. ఈ పనిలో దాన్ని చెట్టనే అంటారు. గొంతు లైబ్రరీ ఒక్కటి తెమ్మంటే అది ఒక ఊరినే వెంటబెట్టుకొచ్చింది. శబ్దాన్ని ముక్కలు చేసేది ఒకటి, ఆ ముక్కలను అతికించేది ఒకటి, ఫైళ్లు విప్పేది ఒకటి, సంఖ్యలను మాటలుగా మార్చేది ఒకటి. రెండు లైబ్రరీలు మూడోదాన్నే, ఒకటి పాతది, ఒకటి కొత్తది కావాలని అడిగితే, గ్రేడిల్ చిన్న బాణం గీసి కొత్తదాన్నే రెండింటికీ ఇచ్చింది. పైన ఒకసారి చెప్పినదాన్ని కింద మళ్లీ చెప్పకుండా పక్కన చుక్క పెట్టి వదిలేసింది. ఇన్నాళ్లూ బిల్డ్ నొక్కి కాఫీకి లేచినప్పుడల్లా ఇంత పని జరుగుతోందా!

సుగంధి మెల్లగా పైకి జరుపుతూ చదివింది. ఒక్కో పేరు వెనక ఎక్కడో ఎవరో కూర్చుని రాసిన మనిషి ఉన్నాడు. వాళ్లెవరికీ అంబుజం తెలియదు. వాళ్లు లేకపోతే అంబుజం అమ్మా అనలేదు. ఆ ఆలోచన రాగానే ఆమె చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

"చదువుతుండావా, చూస్తుండావా?" అన్నాడు రఘునాథన్.

"ఇంతమందా అన్నా?"

"ఇంతమందే. నేను మొదటిసారి చూసినప్పుడు నాకూ మాట రాలేదు. శరి, ఇప్పుడు నీ ఇంటిమాట యాడుందో వెతుకు."

పరీక్షల చెట్టులో అది ఉంది. గొంతు లైబ్రరీకి కాస్త కింద, తను పెట్టిన పేరుతో. ఫోన్ చెట్టును పైనుంచి కిందికి చూసింది. లేదు. మళ్లీ చూసింది. లేదు. బిల్డ్ ఫైలు తెరిచింది. ఇంటిమాట పేరు ముందు టెస్ట్ ఇంప్లిమెంటేషన్ అని ఉంది. మొదట్లో పరీక్ష కోసం అని పెట్టింది, తర్వాత దాన్ని చూడనే లేదు.

"పరీక్షలకు మాత్రమే తెమ్మని నేనే చెప్పినా," అంది నెమ్మదిగా. "అది అట్లే చేసింది. పరీక్షలకు తెచ్చింది, ఫోన్‌లోకి పోనియ్యలా."

"మరి అది లేకుండా యాప్ ఎట్లా కట్టుకున్నది? ఎర్ర గీత రావాల కదా?"

ఆలోచించింది. అదీ తన పనే. అక్షరాలు మార్చే భాగంలో ఇంటిమాట పేరు ఎక్కడా రాయలేదు. యాప్ లేచేటప్పుడు, మాటల శబ్దాలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒకసారి అడుగుతుంది. ఉంటే వాళ్లను అడిగి పలుకుతుంది, లేకపోతే తమిళం వరసలోనే పలికేస్తుంది. రేపు కన్నడం వాళ్లకూ పనికొస్తుందని అలా రాసింది. కాబట్టి ఇంటిమాట లేకపోయినా ఎవరూ అరవలేదు. యాప్ అడిగింది, ఎవరూ పలకలేదు, తనకు తెలిసినట్టు పువ్వ అనేసింది.

"అయితే ఇంప్లిమెంటేషన్ అని మార్చేస్తే శరి," అని కీబోర్డు మీదకు వంగింది.

"మార్చు, పని జరుగుతాది. కానీ ఒక్క మాట చెప్పి మార్చు. యాప్ కట్టేటప్పుడు నీ కోడ్‌కు ఇంటిమాటతో పనుండాదా?"

"లేదు. దాని పేరు కూడా తెలీదు దానికి."

"మరి ఎప్పుడు ఉండాల అది?"

"నడిచేటప్పుడు," అంది సుగంధి.

అని ఆగిపోయింది. నడిచేటప్పుడు మాత్రమే. రన్‌టైమ్ ఓన్లీ. ఆరేళ్లుగా కళ్ల ముందున్న మాట. మంత్రమనుకున్నది మామూలు మాట, చెప్పినంతే దాని అర్థం. ఎవరో ఎప్పుడో కూర్చుని ఆలోచించారు: కొన్ని కట్టేటప్పుడూ కావాలి, నడిచేటప్పుడూ కావాలి. కొన్ని కట్టేటప్పుడు కనిపిస్తే చాలు, వెంట రానక్కరలేదు. కొన్నింటి ముఖం కట్టేటప్పుడు ఎవరూ చూడనక్కరలేదు, నడిచే వేళకు పక్కన ఉంటే చాలు. వీటన్నిటినీ ఒకే గంపలో వేయకుండా ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు. యంత్రాల పనిలో ఇంత సున్నితత్వం ఉంటుందని ఆమె అనుకోలేదు.

రన్‌టైమ్ ఓన్లీ అని రాసింది. ఫోన్ చెట్టును మళ్లీ అడిగింది. ఇంటిమాట వచ్చి వరసలో నిలబడింది.

రఘునాథన్ తన బల్లకు వెళ్లిపోయాడు. బిల్లుల పని పక్కన పడి ఉంది. అయినా సుగంధి లేవలేదు. ఫైల్లో మిగిలిన పేర్లన్నిటి ముందరి మాటలూ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది, కొత్తగా అక్షరాలు నేర్చిన పిల్ల దారిలో బోర్డులన్నీ చదివినట్టు.

ఒకచోట ఆశ మొలిచింది. గొంతు లైబ్రరీకి చాలా కింద, మూడు నాలుగు మెట్లు దిగాక, అక్షరాలను పలికే ముక్కలుగా విడగొట్టే చిన్న లైబ్రరీ ఒకటుంది. దాన్ని తనే నేరుగా పిలిస్తే అత్త మాట ఇంకా సాఫీగా వస్తుందేమో. పిలిచి చూసింది. ఎర్ర గీత వచ్చింది. అలాంటి పేరే లేదంది గ్రేడిల్.

"చెట్టులో ఉండాదే! కళ్లతో చూసినా!" అని రఘునాథన్ బల్ల దగ్గరికి పోయింది.

"ఉండాది. ఫోన్‌లోకి కూడా వస్తాది," అన్నాడాయన. "కానీ గొంతు చేసినోళ్లు దాన్ని ఇంప్లిమెంటేషన్ అని తెచ్చుకున్నారు. వాళ్ల లోపలి పనికి మాత్రం అని. ఏపీఐ అని, అంటే బయటోళ్లకు కూడా అని తెచ్చుకునుంటే నీకూ కనబడుండేది."

"ఎందుకు దాచేది?"

"రేపు వాళ్లు దాన్ని తీసేసి ఇంకోటి పెట్టుకోవాలనుకుంటారు. నువ్వు దాని మీద చెయ్యి వేసుంటే నీ యాప్ పడిపోతాది. నువ్వు పడిపోకూడదనే వాళ్లు దాన్ని లోపల పెట్టుకున్నారు."

తనెవరో తెలియని వాళ్లు, తను పడిపోకూడదని ముందే ఒక తలుపు మూసిపెట్టారు. సుగంధి ఆ మాటను అలాగే పట్టుకుని తన చోటికి వచ్చింది. పిలవడం మానేసింది, చూడ్డం మాత్రం మానలేకపోయింది. ఆ చిన్న లైబ్రరీ ఎవరిదో, ఎక్కడిదో అని వెతికితే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. రాసింది ఒకే ఒక మనిషి. ఆ పేరు పలకడం ఆమెకు రాలేదు, ఏదో మంచు దేశపు పేరు. లోకంలోని ఎన్నో భాషలకు ఒక్కో ఫైలు పెట్టాడు. తెలుగు ఫైలు తెరిచింది. అందులో ఒక వరస పక్కన ఇంగ్లీషులో చిన్న మాట రాసి ఉంది: తెలుగులో ఎ వేరు, ఏ వేరు, దయచేసి రెంటినీ కలపకండి. ఈ భాష నాకు రాదు, తెలిసిన ఒకామె ఫోన్ చేసి రెండూ పలికి వినిపించింది, తేడా విన్నాను.

సుగంధి ఆ వరసను మళ్లీ మళ్లీ చదివింది. ఎవరామె? ఏ ఊరిదో. ఏ రోజున ఆ మనిషికి ఫోన్ చేసి, ఎ అని ఒకసారి, ఏ అని ఒకసారి పలికిందో. ఆ రాని భాషలోని తేడాను అతను ఎంత ఓపికగా విన్నాడో. అది ఒకరి లైబ్రరీలో దూరి, అది ఇంకొకరి దాంట్లో దూరి, ఎవరి కంటా పడకుండా మెట్టు మెట్టు దిగి, సారంలో ఈ బల్ల దాకా వచ్చింది. సుగంధి కళ్లు తుడుచుకుంది. కింద రోడ్డు మీద బస్సు హారన్లు మోగుతున్నాయి. ఆమెకు మాత్రం చుట్టూ గుడిలో ఉన్నంత నిశ్శబ్దంగా అనిపించింది.

ఆ ఆదివారం మళ్లీ మార్కెట్ సందుకు వెళ్లింది. అంబుజం ఫోన్ తీసుకోవడానికి చేయి చాపలేదు. సుగంధి బతిమాలింది.

"ఒక్కసారి అత్తా. ఈసారి తప్పు వస్తే నేను మళ్లీ అడగను."

అంబుజం అనుమానంగానే తీసుకుంది. తల్లి గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అంబుజం ఆమె పక్కన చేరి, టైపు చేసి, నొక్కబోయి ఒకసారి మేనకోడలి వైపు చూసి, నొక్కింది.

"అమ్మా, బువ్వ తిన్నావా?"

గొంతు అంబుజంది కాదు. సన్నగా, నున్నగా, రేడియోలో వార్తలు చదివినట్టుంది. కానీ మాట ఆమెదే. పుదుచ్చేరి మార్కెట్ వెనక సందులో తప్ప ఇంకెక్కడా అలా అడగరు.

అలివేలుమంగ తల ఎత్తింది. ఈసారి పైట సర్దుకోలేదు.

"ఎవురు? మా అంబుజం మాదిరే అడుగుతుండారే."

అంబుజం తొందరగా కొట్టింది. తప్పులు పడ్డాయి, చెరిపి మళ్లీ కొట్టింది.

"నేనే అమ్మా. అంబుజాన్ని. ఈ పెట్టెలోంచి మాట్లాడుతుండా."

అవ్వ చేయి చాపి గాలిలో తడిమింది. కూతురి భుజం దొరికింది, అక్కడినుంచి మెడ, మెడ మీద ఆపరేషన్ మచ్చ, దవడ, పెదవులు. పెదవులు కదలడం లేదు. మాట ఆమె ఒడిలోంచి వస్తోంది. వేళ్లను ఆ పెదవుల మీదే ఉంచి, "మళ్లీ చెప్పు," అంది.

"నేనే అమ్మా."

"గొంతు మారిపోయిందే నీకు. పరవాలా. మాట మారలా," అంది అలివేలుమంగ. వెంటనే, "ఇన్నాళ్లుగా నాతో కూడా ఒక మాట అనకుండా ఎట్లా ఉండావే పాపిష్టిదానా!" అని ఏడ్చేసింది. అంబుజం ఏడుపుకు శబ్దం లేదు. త్యాగరాజన్ కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని సందులోకి వెళ్లిపోయాడు.

సుగంధి గడప మీద కూర్చుండిపోయింది. ఇది తను చేసిన పని అని ఆమెకు అనిపించలేదు. ఆ ఒక్క బ పలకడానికి ఎంతమంది నిలబడ్డారో ఆమె కళ్లారా చూసింది. వాళ్లంతా ఇప్పుడు ఈ గదిలో ఉన్నారు, ఎవరికీ కనబడకుండా, ఎవరి మాటకూ అడ్డం రాకుండా. మాట నడుస్తున్నంతసేపూ ఉంటారు.

కాసేపటికి ఏడుపులు సద్దుమణిగాయి. అడగాల్సినవన్నీ పోగుపెట్టుకుని ఉన్నట్టు, అలివేలుమంగ ఒకదాని మీద ఒకటి అడగడం మొదలుపెట్టింది. అంగట్లో ఎవరున్నారు? తమిళరసికి పెళ్లి కుదిరిందా? అంబుజం వేళ్లు ఇప్పుడు వేగంగా ఆడుతున్నాయి. ఒకటి రెండు మాటలు ఇంటిమాటలో లేవు, తప్పుగా పలికాయి. అవ్వే వాటిని సరిచేసింది. సుగంధి గుర్తుపెట్టుకుంది.

"నిన్న చారు ఎందుకు అట్లుండింది?" అంది అవ్వ ఉన్నట్టుండి.

"ఎట్లుండింది?"

"చింతపండు ఎక్కువ. బాగుండాదా అని అడిగినా కదా, నా చేతిని ఒత్తితివే!"

"ఎక్కువేం కాలేదు. నీ నోటికి అట్లుండాది."

"నా నోరా? ఈ నోటితో నీకు చారు చేయను నేర్పించినా! ఎవురి నోరు గురించి మాట్లాడుతుండావు?"

అంబుజం పెదవి బిగించి గబగబా కొట్టింది. వార్తలు చదివే ఆ నున్నటి గొంతు ఒక్క తొట్రుపాటు లేకుండా, "నువ్వు నేర్పించినప్పుడు చేతినిండా రాళ్లుప్పు ఏస్తివి, అదేం గొప్ప చారు," అంది.

అలివేలుమంగ ఒక కాలు ముడుచుకుని, ముందుకు వంగి, గట్టిగా గొంతు సవరించుకుంది. జవాబు చెప్పడానికి.